శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చేప సీడ్ (పెంచడానికి వదిలే పిల్లలు) ఈ ఒడ్డున వదిలితే అలివి వల ఆ ఒడ్డు నుంచి వస్తోంది. ఎవరికి చెప్పుకోవాలి?

కొల్లాపూర్_మేనల్లుడు
ఉండేది ఉప్పల్, ఉద్యోగం మాదాపూర్. మా మేనమామది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఊరు. లైసెన్సు కట్టి బ్యాక్‌వాటర్‌లో పుట్టి (గుండ్రటి చిన్న పడవ) మీద వేట చేస్తాడు. పోయిన ఆదివారం చేపలు తెచ్చుకుందామని వెళ్తే మామ ఆ రోజు వలే వేయలేదు. "రా, చూపిస్తా" అని ఒడ్డు వెంట తీసుకుపోయాడు.

రాళ్ల మీద నీలం టార్పాలిన్ పరిచి చేపలు ఎండబోశారు. దూరం నుంచి చందమామలు, పరకలు లాంటి చిన్నచేపలు అనుకున్నా. మామ ఒక దోసెడు తీసి నా చేతిలో పోసి ఒక్కొక్కటీ వేరు చేశాడు. పదింటిలో నాలుగు బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు. వేలెడు పొడవే ఉన్నాయి. "ఇది మొన్న మనోళ్లు వదిలిన సీడే. ఏడాది ఆగితే కిలో చేప. ఇప్పుడు ఎండబెడితే చిటికెడు" అన్నాడు.

వల అవతలి ఒడ్డు వాళ్లదట. మా వైపు ఆఫీసుకు పోతే "వాళ్లది అవతలి రాష్ట్రం లైసెన్సు, మేమేం చేస్తాం" అన్నారు. అవతలికి ఫోన్ చేస్తే "మీ గట్టున జరిగింది మీరే చూసుకోండి". ఇంకో చోటికి పోతే "నీళ్లలో హద్దు ఎక్కడో చూపించు, అప్పుడు వస్తాం" అన్నారు. మూడు చోట్లా చాయ్ మాత్రం ఇచ్చారు.

రెండు రాష్ట్రాల మధ్య నీళ్లలో చేపలకు రూల్ పెట్టేది ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

పులుసు_ముక్క
చేపకు ఆధార్ ఇవ్వాలి. మొప్ప వెనక స్టాంపు గుద్ది వదిలితే ఏ రాష్ట్రందో తెలుస్తుంది.

రాంనగర్_గంప
నవ్వులాటకు నవ్వులాటే గానీ ఒక మాట చెబుతా. రాంనగర్ మార్కెట్‌లో మాకు చిన్న కొట్టు ఉంది, నాన్నగారి కాలం నుంచి. మన సిటీకి వచ్చే సరుకులో ఎక్కువ భాగం కైకలూరు, భీమవరం చెరువుల నుంచి ఐసు డబ్బాల్లో వచ్చేదే. "డ్యామ్ చేప" అంటే మాత్రం జనం ఎగబడతారు. రేటు కూడా ఎక్కువ పెట్టి తీసుకుంటారు. చెరువు చేప నడుం లావుగా, కడుపు కొవ్వుతో మెత్తగా ఉంటుంది. పారే నీళ్ల చేప సన్నగా, కండ గట్టిగా ఉంటుంది. అయితే ఆ డ్యామ్ చేపలు నాలుగేళ్లుగా తగ్గుతున్నాయి. వచ్చినవి కూడా సైజు పడిపోయాయి. సన్న ఎండుచేప మాత్రం సంచులకు సంచులు దిగుతోంది. అది ఎక్కడిదని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటున్నా.

నంద్యాల_తీరం
మొదటి పోస్టు చదివితే అలివి వల అంటే ఆంధ్రా వాళ్లు, అన్యాయమైపోయింది తెలంగాణ వాళ్లు అన్నట్టుంది. మాది అవతలి ఒడ్డే. మా ఊళ్లో అలివి లాగేవాళ్లు రోజుకూలీలు. అంత పెద్ద వల కొనే స్తోమత పుట్టి తోలేవాడికి ఉంటుందా? వల ఒకడిది, బోటు ఒకడిది, అడ్వాన్సు ఇచ్చి సరుకు తనకే పోయాలనే షావుకారు ఇంకొకడు. ఆ షావుకార్లు రెండు ఒడ్లలోనూ ఉన్నారు. మీ మామ చూపించిన టార్పాలిన్ మీ ఒడ్డున ఎలా పరుచుకుందో కూడా అడగండి. ఊళ్లో ఎవరి అండా లేకుండా పరాయి గట్టున నాలుగు రోజులు చేపలు ఎండబెట్టగలరా?

కొల్లాపూర్_మేనల్లుడు
@నంద్యాల_తీరం అది నేను ఆలోచించలేదు. మామను అడుగుతా. కానీ బోటు అటు నుంచి రావడం మామ కళ్లారా చూశాడు.

రిటైర్డ్_ఎఫ్‌డీవో
ముప్పై ఏళ్లకు పైగా మత్స్య శాఖలోనే చేశాను, రెండు వైపులా. అప్పుడు రాష్ట్రం ఒకటే కాబట్టి "రెండు వైపులా" అనే మాటే ఉండేది కాదు.

అలివి అంటే తెలియని వాళ్ల కోసం. ఒక కొస ఒడ్డున పట్టుకుంటారు. పడవతో వలను నీళ్లలో అర్ధచంద్రంలా తిప్పి రెండో కొసను మళ్లీ ఒడ్డుకే తెస్తారు. పదీ పదిహేను మంది రెండు కొసలూ పట్టి లాగుతారు. సముద్రపు ఒడ్డున ఇది తాతల నాటి పద్ధతి, తప్పేం లేదు. తప్పంతా దాన్ని రిజర్వాయర్‌కు తేవడంలో ఉంది. ఇక్కడ చేపపిల్లలు మేసేది ఒడ్డు దగ్గర, లోతు తక్కువ ఉన్న చోటే. అలివి ఊడ్చేది సరిగ్గా ఆ జాగానే. పైగా వల కన్ను (రంధ్రం) దోమతెరంత సన్నం. బయటికి పోయేది నీళ్లు ఒక్కటే.

తెలంగాణలో 2016-17 నుంచి ఉచితంగా సీడ్ వదులుతున్నారు. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. పెద్ద పిల్లలే ఎందుకంటే రిజర్వాయర్‌లో వాలగ లాంటి పెద్ద చేపలు చిన్నవాటిని మింగేస్తాయి. వాలగ నోటి నుంచి తప్పించుకోవడానికి సైజు పెంచాం. దోమతెరకు ఏ సైజైనా ఒకటే.

ఇక హద్దు సంగతి. శ్రీశైలం నిండుకుండ అంటే 885 అడుగులు. నీళ్లు తగ్గే కొద్దీ ఒడ్డు వెనక్కి పోతుంది. ఆగస్టులో పడవ తిరిగిన చోట ఏప్రిల్‌లో మేకలు మేస్తాయి. సంగమేశ్వరం గుడి సంగతి తెలుసుగా, ఏడాదిలో ఎక్కువ కాలం మునిగే ఉండి వేసవిలో బయటపడుతుంది. కాగితం మీద గీత ఒకటే ఉన్నా "మా గట్టు" అన్నది నెలకో చోట ఉంటుంది. ఆ గీత పట్టుకుని వేటను అదుపు చేయాలంటే ఎవరి తరమూ కాదు.

పులుసు_ముక్క
ఏప్రిల్‌లో మేకలు మేస్తాయంటే మేకల లైసెన్సు ఏ రాష్ట్రం ఇస్తుంది సార్?

లా_పాయింట్
అసలు ప్రశ్నకు వస్తా. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో చేపల వేట రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాల అవతలి వేట కేంద్రానిది, కేంద్ర జాబితాలో 57. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోనే 56. అంటే కృష్ణలో నీళ్లకు అంతర్రాష్ట్ర గొడవ అని పేరు పెట్టి ట్రిబ్యునల్ వేయొచ్చు. అదే నీళ్లలోని చేప గట్టును బట్టి ఒక రాష్ట్రం చేతిలోంచి ఇంకో రాష్ట్రం చేతిలోకి ఈదుకుంటూ పోతుంది.

వలల మీద రూలు పెట్టే అధికారం 1897 నాటి ఫిషరీస్ చట్టంలోనే ఉంది. ఆరో సెక్షన్ కింద వల రకం, కొలత రాష్ట్రం నిర్ణయించొచ్చు. ఒక చోట వేటను రెండేళ్ల దాకా ఆపొచ్చు కూడా. కాకపోతే మూల చట్టంలో ఆ రూలు తప్పితే జరిమానా గరిష్ఠంగా వంద రూపాయలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో వంద అంటే వందే.

పులుసు_ముక్క
చేప రాష్ట్రానిది, నీళ్లు కేంద్రానివి, ముల్లు మన గొంతులో.

అట్టాపూర్_అత్త
మా ఇంటి దగ్గరే పీవీ ఎక్స్‌ప్రెస్ వే పిల్లర్ 235 దగ్గర చేప ఆకారంలో పెద్ద బిల్డింగ్ ఉంది కదా. ఎయిర్‌పోర్ట్‌కు పోయేవాళ్లంతా ఫొటోలు తీసుకుంటారు. చేపల గొడవకు వాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు కదా బాబూ?

రిటైర్డ్_ఎఫ్‌డీవో
అది జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు అమ్మా, 2006లో పెట్టారు. పథకాలు, నిధులు, శిక్షణ వాళ్ల పని. వలలు పట్టుకోవడం, కేసులు రాయడం వాళ్లది కాదు. కృష్ణా బోర్డు కూడా నీటి విడుదల, కరెంటు దాకానే చూస్తుంది.

నిజానికి నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది ఇది. తుంగభద్ర డ్యామ్ ఉన్నది కర్ణాటకలో, నీళ్లు మనవి కూడా. 1953లో అక్కడ బోర్డు పెట్టినప్పుడు కాలువలు, కరెంటుతో పాటు చేపల విభాగం కూడా దాని కిందే పెట్టారు. రిజర్వాయర్‌లో వేట హక్కుల పని, సీడ్ పని బోర్డుదే. గొప్పగా నడిచిందని అనను, అక్కడి తలనొప్పులు అక్కడివి. కానీ అడగడానికి ఒక తలుపు ఉంది. 2014 విభజన చట్టంతో కృష్ణకు, గోదావరికి బోర్డులు పెట్టినప్పుడు ఆ చేప ముక్క జారిపోయింది.

నంద్యాల_తీరం
సార్, ఆ బోర్డులకు నీళ్ల గొడవే తెగడం లేదు. చేపలు కూడా ఇస్తే ఇంకో పదేళ్లు మీటింగుల్లో సమోసాలు తింటారు.

రాంనగర్_గంప
😂 మా దగ్గర చేప సమోసా లేదు, పెట్టాలేమో.

పులికాట్_పక్షి
ఇది మాకు పాత పాట. మాది సూళ్లూరుపేట వైపు. పులికాట్ సరస్సు ఎక్కువ భాగం ఆంధ్రాలో, కొంత తమిళనాడులో. రొయ్యకు, పీతకు ఆ సంగతి తెలియదు. మా కుప్పాల (జాలరి పల్లెల) వాళ్లూ అటు కుప్పాల వాళ్లూ వలలు లాక్కోవడం, మళ్లీ పెద్దమనుషులు కూర్చుని ఇచ్చేయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. సముద్రంలో ఇంకా ఘోరం. తమిళనాడు నుంచి వచ్చే మరబోట్లను మా వైపు సోనాబోట్లు అంటాం. ఒడ్డు దగ్గరికి వచ్చి ఊడ్చేస్తాయి, చిన్న పడవ వాళ్ల వలలు తెగ్గోసుకుని పోతాయి. మా వాళ్లు కూడా ఊరుకోరు, బోటును చుట్టుముట్టి ఒడ్డుకు లాక్కొస్తారు.

అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. సముద్రంలో వేట నిషేధం మొత్తం తూర్పు తీరానికి ఒకటే: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14, 61 రోజులు. బెంగాల్ నుంచి కన్యాకుమారి వైపు దాకా. జీవో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చుకుంటుంది, తేదీ మాత్రం కలిసే ఉంటుంది. "అవతలోడు పట్టుకుపోతున్నాడు" అనే మాటకు ఆ రెండు నెలలు చోటు లేదు. అంత సముద్రానికే తేదీ కుదిరినప్పుడు ఒక్క డ్యామ్‌కు కుదరదా?

కొల్లాపూర్_మేనల్లుడు
@పులికాట్_పక్షి ఇదే నాకు కావాల్సిన పాయింట్. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సిక్కోలు_కెరటం
మీరు అదృష్టవంతులు. మీ గొడవ తెలుగువాడికీ తెలుగువాడికీ మధ్య. మా శ్రీకాకుళం జిల్లా నుంచి పని లేక గుజరాత్‌ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన వాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుకుపోయారు. 20 మంది వాఘా దగ్గర ఇటు అడుగు పెట్టింది 2020 జనవరిలో. వల వేసేవాడికి గీత కనిపిస్తుందా? చేపల గుంపు ఎటు పోతే బోటు అటు. బోటుకు పెద్ద అయిన తండేలు చెప్పిందే వేదం. కూలికి పోయినవాడు గీత దాటానని తెలుసుకునేది అవతలోడు తుపాకి చూపించినప్పుడే. ఇంటి దగ్గర ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగారో మా పక్క వీధిలో చూశాను. వాళ్లకు చాయ్ కూడా ఇవ్వలేదు.

అట్టాపూర్_అత్త
అయ్యో.

డెట్రాయిట్_సుబ్బు
మాది దిల్‌సుఖ్‌నగర్, పదకొండేళ్లుగా మిషిగన్‌లో. వీకెండ్ గాలం పిచ్చి ఉంది. ఇక్కడ సెయింట్ క్లెయిర్ సరస్సు మధ్యలోంచి అమెరికా కెనడా గీత పోతుంది. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ బోటు నడుపుతాం. గీత దాటి గాలం వేస్తే ఒంటారియో లైసెన్సు కావాలి.

కింద ఎరీ సరస్సు సంగతి ఇంకా బాగుంటుంది. ఇటు నాలుగు రాష్ట్రాలు, అటు ఒంటారియో. వాల్‌ఐ అనే చేప ఈ ఏడాది మొత్తం ఎన్ని పట్టొచ్చో ఏటా ఐదుగురూ కూర్చుని తేలుస్తారు, దాన్ని ఒహాయో, మిషిగన్, ఒంటారియో వాటాలుగా పంచుకుంటాయి. 1981లో రాసుకున్న ఒప్పందం, చట్టం కాదు, మాట మీద నడుస్తోంది. అసలు వీళ్లు కలవడానికి కారణం లాంప్రే అనే జలగలాంటి జీవి. పెద్ద చేపలకు అంటుకుని రక్తం పీల్చేది. ఒక దేశం మందు వేసి ఇంకో దేశం వేయకపోతే లాభం లేదని అర్థమయ్యాక 1955లో కమిషన్ పెట్టుకున్నారు.

నంద్యాల_తీరం
సుబ్బన్నా, అక్కడ గాలం సరదా. ఇక్కడ సాయంత్రానికి బియ్యం.

డెట్రాయిట్_సుబ్బు
నిజమే, కాదనను. కానీ ఒంటారియో వైపు వల వేసి బతికేవాళ్లూ ఉన్నారు. గొడవలూ ఉన్నాయి. నేను చెప్పింది లెక్క గురించి. ముందు సరస్సులో ఎన్ని చేపలున్నాయో ఐదుగురూ ఒకే లెక్క ఒప్పుకుంటారు. మన శ్రీశైలంలో ఎన్ని ఉన్నాయో రెండు వైపులా కలిసి ఎప్పుడైనా లెక్కపెట్టారా?

రిటైర్డ్_ఎఫ్‌డీవో
వదిలిన పిల్లల లెక్క లక్షల్లో, కోట్లలో పేపర్లో వస్తుంది. సరైన ప్రశ్న వేశారు బాబూ.

వైజాగ్_కాలనీ_అల్లుడు
నాగార్జునసాగర్ వైపు నుంచి ఒక మాట. మా అత్తగారి ఊరు వైజాగ్ కాలనీ. డ్యామ్ కట్టిన రోజుల్లో విశాఖ వైపు నుంచి వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్లు. ఆదివారం హైదరాబాద్ కార్లన్నీ చేప ఫ్రై కోసం అక్కడే ఉంటాయి. మా మామగారు పుట్టింది, పెరిగింది నల్లగొండ జిల్లాలో. మొన్న ఎవరో గొడవలో "ఆంధ్రోళ్లు" అన్నారట. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఈ థ్రెడ్‌లో కూడా ఆ వాసన వస్తోంది, జాగ్రత్త.

కొల్లాపూర్_మేనల్లుడు
నా మొదటి పోస్టులో అలా ధ్వనిస్తే క్షమించండి. కోపంలో రాశాను.

సీడ్_బాబు
వలల గోల సరే, పెంపకం సంగతి ఎవరూ ఎత్తరేం? రిజర్వాయర్లలో పంజరాల్లో చేపలు పెంచుతున్నారు, పంగాస్, తిలాపియా. వలకు చిల్లి పడితే అవి ఏ రాష్ట్రంలో బతుకుతాయి? తిలాపియా ఒకసారి నీళ్లలో పడిందంటే ఇక దాని రాజ్యమే. మన చెరువుల్లో జిలేబీ చేప (తిలాపియానే) ఎక్కువై బొచ్చె, రవ్వ ఎదగకపోవడం చూస్తూనే ఉన్నాం. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లితే ఆ నీళ్లు రెండు ఒడ్లవీ. అనుమతి ఇచ్చేది ఒక వైపు, అనుభవించేది రెండు వైపులా.

రాంనగర్_గంప
ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా చేర్చు. నిషేధం పెట్టి పాతికేళ్లు. అయినా సిటీ పొలిమేరల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతూ పట్టుబడుతూనే ఉంటారు. మా మార్కెట్‌కు కూడా రాత్రి రెండింటికి వస్తుంది, తెల్లారేసరికి ఉండదు. నేను ముట్టను. వాననీటికి అది చెరువు దాటి వాగులో పడిందంటే దొరికిన చేపనల్లా మింగుతుంది.

పులుసు_ముక్క
మృగశిర కార్తె రోజు కొర్రమీను అని నాకు అంటగట్టింది అదేనా ఏంటి 😟

రాంనగర్_గంప
మీసాలున్నాయా?

పులుసు_ముక్క
నాకా, చేపకా?

రాంనగర్_గంప
చేపకు. మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు ఉండి, ఒంటి మీద పొలుసు లేకపోతే కొర్రమీను కాదు. కొర్రమీనుకు పొలుసు ఉంటుంది, తల పాము తలలా ఉంటుంది. కోయించే ముందు చూసుకో. కోసి ముక్కలు చేశాక అడిగితే బ్రహ్మ కూడా చెప్పలేడు.

అడ్మిన్
మీసాల చర్చకు వేరే థ్రెడ్ పెట్టుకోండి. రెండు రాష్ట్రాల మీద తిట్లున్న మూడు పోస్టులు తీసేశాను.

లా_పాయింట్
మేనల్లుడు గారూ, బోర్డు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగింది ఒకటుంది. మీ మామ ఒక్కడి అర్జీ పక్కన పడేస్తారు. రెండు ఒడ్ల మత్స్యకారుల సొసైటీలు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇద్దరు కలెక్టర్లకూ ఇస్తే "అది అవతలి వాళ్ల పని" అనడానికి ఉండదు. అడిగేది కూడా ఒకటే అడగండి: వల కన్ను కనీసం ఇంత, రెండు వైపులా ఒకటే కొలత. హద్దు మాట ఎత్తొద్దు. కన్ను కొలవడానికి సర్వేయర్ అక్కర్లేదు, స్కేలు చాలు. నీళ్ల మీద పట్టుకోవాల్సిన పని కూడా లేదు, ఒడ్డున ఆరేసిన వల చాలు.

రిటైర్డ్_ఎఫ్‌డీవో
దీనికి తోడు వానాకాలంలో గుడ్లు పెట్టే రోజులకు వేట విరామం ఒకే తేదీల్లో అడగండి. కొత్త నీరు రాగానే తల్లిచేపలు ఎదురెక్కుతాయి. అప్పుడు ఒక ఒడ్డు ఆగి ఇంకో ఒడ్డు పట్టుకుంటే ఆగినవాడే వెర్రివాడు అవుతాడు. మరుసటి ఏడు వాడూ ఆగడు.

నంద్యాల_తీరం
మా వైపు సొసైటీ పెద్దాయన మా నాన్నకు దోస్తు. మాట్లాడిస్తా. కానీ అలివి లాగే కూలీలకు ఆ రోజుల్లో కూలి సంగతి కూడా కాగితంలో ఉండాలి. లేకపోతే సంతకం పెట్టరు, నేనూ అడగను.

కొల్లాపూర్_మేనల్లుడు
రాస్తాం అన్నా. మీ నంబర్ మెసేజ్‌లో పెట్టండి.

కొల్లాపూర్_మేనల్లుడు
పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్.

నిన్న సోమశిల దగ్గర కలిశాం. అటు నుంచి ఐదుగురు పడవలో వచ్చారు, ఇటు మామతో కలిపి ఏడుగురు. మొదటి గంట అంతా ఎవరి వల ఎవరు ఎప్పుడు ఎత్తుకుపోయారన్న లెక్కలే. 2019 నాటి పుట్టి ఒకటి ఇంకా తిరిగి రాలేదట. నంద్యాల అన్న ఇక్కడ అన్నది నిజమే: ఆ టార్పాలిన్ చోటుకు రోజుకింతని మా ఊళ్లోనే ఒకాయన డబ్బు తీసుకుంటున్నాడు. మామకు ముందే తెలుసు, నాకు చెప్పలేదు. చుట్టం కదా.

తర్వాత ఒక అలివి ముక్క తెప్పించి నేల మీద పరిచారు. నేను స్కేలు తీసుకుపోయా. స్కేలు అక్కర్లేకపోయింది, అగ్గిపుల్ల తల కూడా కన్నులో దూరలేదు. అటు పెద్దాయన దాన్ని చూసి "మా కాలంలో ఇందులో బొటనవేలు దూరేది" అని మాత్రం అన్నాడు.

కన్ను కొలత మీద ఒప్పుకున్నారు. తేదీల మీద కుదరలేదు, కూలి ఎవరిస్తారన్న దగ్గర ఆగింది. పన్నెండు మందిలో తొమ్మిది సంతకాలు. మా ఊరి టార్పాలిన్ ఆయన పెట్టలేదు.

రాంనగర్_గంప
కన్ను కొలత కాగితం ఫొటో పంపు. సన్న ఎండుచేప తెచ్చే బండి శుక్రవారం వస్తుంది. ఈసారి సంచి విప్పించి చూస్తా. బొచ్చె పిల్లలు ఉంటే తీసుకోను. పక్క కొట్టువాడు తీసుకుంటాడు, అది నా చేతిలో లేదు.

నంద్యాల_తీరం
ఆ పుట్టి ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. మీ మామకు చెప్పు, రంగు మార్చారు గానీ అడుగున అతుకు అలాగే ఉంది.